దీవిలో ఉన్నట్టు బతికి చూద్దామా?
రెండు జలాశయాల నడుమ ఉన్న మన ఊళ్లకు ఒక పాఠం



పిల్లల ఈవీఎస్ పుస్తకాల్లో 'సస్టెయినబిలిటీ' అనే మాట తరచూ కనిపిస్తుంది. నిర్వచనం బట్టీ పట్టి పరీక్షలో రాసేయడం తేలికే. అర్థం కావాలంటే మాత్రం ఒక చిన్న దీవిని ఊహించుకోమని చెప్పండి. అక్కడ నీళ్లు అయిపోతే పక్క ఊరి నుంచి ట్యాంకర్ రాదు. చెత్త ఊరి బయట పడేద్దామంటే ఊరి బయట ఉన్నది సముద్రమే. కరెంటు కోసం డీజిల్ కావాలంటే అది పడవలో రావాలి. ఉన్నదాన్ని పాడుచేసుకోకుండా, రేపటికి మిగిలేలా వాడుకోవడం తప్ప దీవివాళ్లకు ఇంకో దారి లేదు. సస్టెయినబిలిటీ అంటే అదే.

దీవులు ఎలా నెట్టుకొస్తున్నాయి?

ముందు నీళ్ల సంగతి. లక్షద్వీప్ లాంటి పగడపు దీవుల్లో వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద ఒక పొరలా తేలుతుంది. సముద్ర మట్టం కన్నా అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, ఆ మట్టానికి దిగువన దాదాపు 40 అడుగుల వరకు మంచినీరు నిలుస్తుందని లెక్క. అంటే మోటార్లు పెట్టి పైన ఒక్క అడుగు తోడేస్తే, కింద నుంచి ఉప్పునీరు అన్ని అడుగులు పైకి వచ్చేస్తుంది. అందుకే అక్కడి కవరత్తి దీవిలో 2005లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం దానిది.

డెన్మార్క్‌లో సామ్సో అనే దీవి ఉంది. జనాభా నాలుగు వేల లోపే. సొంతంగా తయారు చేసుకున్న కరెంటుతో, వేడితో బతకగల దీవి ఏదని 1997లో అక్కడి ప్రభుత్వం పోటీ పెడితే సామ్సో గెలిచింది. 2000 నాటికి నేల మీద 11 గాలిమరలు, 2003లో సముద్రంలో మరో 10 నిలబెట్టారు. వాటిలో కొన్నింటిలో రైతులకు, మామూలు కుటుంబాలకు కూడా వాటాలున్నాయి. పొలంలో మిగిలిన గడ్డిని కాల్చి, ఆ వేడిని పైపుల ద్వారా ఇళ్లకు పంపుతారు. జనాన్ని కూడగట్టి ఈ పని నడిపించిన సోరెన్ హెర్మన్‌సెన్ ఆ దీవిలో టీచరుగా పనిచేసినవారే.

మన తెలుగు నేల మీదా దీవులున్నాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, నాగాయలంక మండలంలో ఎదురుమొండి ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఆ ప్రాంతం ఇప్పటికీ మర్చిపోలేదు. అలల దెబ్బను తగ్గించేవి, చేపలకు, రొయ్యలకు పిల్లలు పెరిగే చోటునిచ్చేవి అక్కడి మడ అడవులు. చెరువుల కోసం వాటిని నరికితే పోయేది చెట్లే కాదు, ఊరికున్న గోడ కూడా.

మరి సురంగల్ సంగతి?

మనకు సముద్రం లేదు. కానీ మ్యాప్ తీసి చూడండి. మొయినాబాద్ ప్రాంతానికి ఒకవైపు మూసీ, మరోవైపు ఈసీ. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. ఈసీ మీద హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత, హైదరాబాద్‌ను కాపాడడానికి కట్టినవి ఇవి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అంటే మనది కూడా దాదాపు నీళ్ల నడుమ ఉన్న నేలే. తేడా ఒక్కటే. దీవి చుట్టూ ఉండేవి తాగలేని నీళ్లు. మన పక్కన ఉన్నవి నగరం తాగే నీళ్లు.

అందుకే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టారు. ఈ జీవో వల్ల భూమికి ధర రాలేదని బాధపడ్డ కుటుంబాలు మన పేరెంట్స్‌లో కూడా ఉండొచ్చు. ఆ బాధ న్యాయమైనదే. అయితే జీవో ఉన్నా, తీసేసినా నేల వాలు మారదు. నీరు పల్లమెరుగు అంటారు కదా. మన వీధి మురుగు, మన సెప్టిక్ ట్యాంకు నీరు, పొలంలో ఎక్కువైన యూరియా, అన్నీ ఆ పల్లానికే చేరతాయి.

బోరు కింద ఏముంది?

మన కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. నీరు నిలిచేది పైనున్న మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే. 'మన బోరు' అంటాం గానీ, అదే పగులు పక్కింటి బోరుకూ అందుతుంది. మనం ఇంకా లోతుకు వేస్తే, ముందు ఎండేది పక్కవాళ్లది. పగుళ్లలో నీరు ఇసుకలోలాగా వడపోత కాదు. అడుగు సరిగా కట్టని సెప్టిక్ ట్యాంకు పక్కన బోరు ఉంటే, ఆ మురికి వేగంగా దానిలోకి చేరే ప్రమాదం ఉంది.

బోరు ఎండితే ట్యాంకర్ తెప్పిస్తాం. ఆ ట్యాంకర్ నీళ్లు ఎక్కడివి? చాలాసార్లు ఇంకో ఊరి బోరువే. దీవివాళ్లకు హద్దు కంటికి కనిపిస్తుంది. మనకు ట్యాంకర్ ఆ హద్దును కనిపించకుండా చేస్తుంది. తేడా అంతే.

పిల్లలతో ఒక లెక్క

చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఇంటి స్లాబు 100 చదరపు మీటర్లు, ఏడాది వాన 700 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే 70,000 లీటర్లు. అందులో ఐదో వంతు పోయినా 56,000 మిగులుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు 11 పైనే! నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో వాడే లెక్క. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. ఆ స్లాబు మీది వాన మూడు నెలలకు పైగా సరిపోతుంది. సిమెంటు వాకిలి మీదుగా మనం వీధి కాలువలోకి పంపేస్తున్నది ఇదే.

ఈ నెల ఇంట్లో చేయదగ్గవి

• ఒక ఆదివారం ట్యాంకు నింపి, మర్నాటి వరకు మళ్లీ మోటారు వేయకండి. ఎన్ని లీటర్లు వాడారో పిల్లలనే కొలవనివ్వండి. ఆ రోజుకు మీ ఇల్లే దీవి.
• ఆర్వో నుంచి పోయే నీటిని బకెట్‌లో పట్టి, ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి.
• స్లాబు నీటి పైపును బోరు పక్కన ఇంకుడు గుంతకు కలపండి. సెప్టిక్ ట్యాంకు దానికి దూరంగా ఉండాలి.
• సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయిస్తే, బండి ఆ మురుగును ఎక్కడ పోస్తుందో అడగండి. కాలువలో పోస్తానంటే ఒప్పుకోకండి.
• కూరగాయల తొక్కలు కుండీలో ఎరువు చేయండి. ప్లాస్టిక్‌ను రోడ్డు పక్కన తగలబెట్టకండి.
• కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు వాకిలి మొత్తం కాంక్రీటు పోయకుండా కొంత మట్టి వదలండి.

స్కూల్లో ఇంకుడు గుంతలు, మురుగు, చెత్త సంగతి ఏమిటని తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్నీ అడగండి. పిల్లలకు పాఠం చెప్పే చోట ఆ లెక్క కూడా చెప్పగలగాలి.

మీ పిల్లలు కొలిచిన లీటర్ల లెక్కను ఈవీఎస్ నోట్‌బుక్‌లో రాసి పంపండి. తరగతిలో అన్ని ఇళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తాం. ఎక్కువ వాడినవాళ్లకు మార్కులేమీ తగ్గించం. నిజం రాస్తే చాలు.