లిపి మరచిన డిస్కులు: పఠనవిధానము

లిపి తెలియనంతమాత్రమున తాళపత్రమును శూన్యపత్రమని యెవ్వరును పారవేయరు. పాత డిస్కులయెడ మాత్రమీ వివేకము తరచుగా లోపించుచున్నది. ఈ డిస్కు చదువుటకు వీలుపడదని యంత్రము తెలుపగానే అది చెడినదని తలచి విడిచిపెట్టుదురు. ఫ్లాపీలు, హార్డు డిస్కుల విషయమున కొందరు ఇనిషియలైజు చేయుమను సూచనకు సమ్మతించి, ఉన్నదానిని సయితము పోగొట్టుకొందురు.

డిస్కుపై నుండునవి వరుసగా నమరిన బైట్లు. వానిలో ఏ ఫైలు ఎచట మొదలగునో, దాని పేరేమో తెలుపు ఏర్పాటునకు ఫైలుసిస్టమని పేరు. అది గ్రంథమునకు విషయసూచిక వంటిది. దానిని చదువు నేర్పు ఆపరేటింగు సిస్టమునకు లేనిచో, బైట్లన్నియు చెక్కుచెదరకున్నను ఒక్క ఫైలైనను కనబడదు.

ఇందులకు ఎచ్.ఎఫ్.ఎస్. మంచి నిదర్శనము. ఆపిల్ సంస్థ దీనిని 1985లో మాకింటాషు యంత్రములకొరకు ప్రవేశపెట్టెను. 1998లో ఎచ్.ఎఫ్.ఎస్. ప్లస్ వచ్చెను. యూనిక్సు కుటుంబమునకు చెందిన మాక్ ఓఎస్, 2009లో పాతదానిపై వ్రాయుటను, 2019 నాటి కాటలీనా కూర్పుతో దానిని చదువుటను మానివేసెను. తన యింటి లిపిని తానే మరచినట్లయినది.

అట్టి డిస్కును చదువ గోరువారు మొదట దాని బైట్లన్నిటికిని యథాతథమైన ప్రతిని, అనగా డిస్కు ఇమేజిని, తీయవలయును. యూనిక్సులోని డీడీ అను ఆదేశము ఇందుకు చాలును. పిమ్మట పని యంతయు ఆ ప్రతిమీదనే జరుగవలయును.

రెండవది ఫైలుసిస్టమును గుర్తించుట. ఎచ్.ఎఫ్.ఎస్. భాగమున మొదటి 1,024 బైట్లు విడిచిన వెంటనే బి, డి అను రోమను అక్షరములుండును. ప్లస్ అయినచో ఎచ్ అక్షరమును కూడిక గుర్తును ఉండును. సాధారణ సీడీలలోని ఐ.ఎస్.ఓ. 9660 ఏర్పాటు మొదటి 16 సెక్టర్లను, అనగా 32,768 బైట్లను, తానుపయోగింపక విడిచిపెట్టును. ఆ ఖాళీలో ఆపిల్ విభాగపట్టికను చేర్చి, ఒకే సీడీకి రెండు విషయసూచికలు కూర్చుట కలదు. అట్టిచోట నేటి యంత్రము ఐ.ఎస్.ఓ. భాగమును మాత్రమే చూపగా, చదువరి అంతయు చూచితినని భ్రమపడును.

మూడవది ఫైళ్లను వెలికితీయుట. కెర్నెలునకు తెలియని ఫైలుసిస్టమును సామాన్యమైన ప్రోగ్రాముగూడ చదువవచ్చును. ఎచ్.ఎఫ్.ఎస్. యుటిల్సు అట్టిది. అందులో ఎచ్‌మౌంటు ఇమేజిని తెరచును, ఎచ్‌ఎల్‌ఎస్ పట్టికను చూపును, ఎచ్‌కాపీ ఫైలును వెలికితీయును.

ఇచట నొక హెచ్చరిక యవసరము. ఎచ్.ఎఫ్.ఎస్. ఫైలునకు డేటా శాఖ, రిసోర్సు శాఖ యని రెండు శాఖలుండవచ్చును. పాత మాకింటాషు ఫాంట్లు రెండవదానియందే యుండెడివి. తెలుగునకు 1991లో యూనికోడున స్థానము లభించినను, ఆ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చువరకు తెలుగు రచనలు రోమను అక్షరసంకేతముల స్థానమున తెలుగు రూపములను నిలిపిన ఫాంట్లతో కూర్పబడెను. డేటా శాఖను మాత్రమే తీసినచో ఫాంటు నశించును. వ్యాసము అర్థములేని రోమను అక్షరముల గుంపుగా మిగులును. కావున ఎచ్‌కాపీని మాక్‌బైనరీ రీతిలో నడిపి రెండు శాఖలను కలిపి తీయవలయును.

వెలికివచ్చిన ఫైళ్లతోపాటు మొదటి ఇమేజినిగూడ భద్రపరచుట యుక్తము. ఒక సాధనము విడిచిన శాఖను వేరొక సాధనము మరల తీయగలుగునది దానినుండియే.