సైకిలు తేలిగ్గా నడవాలంటే ముందు ఏం మార్చాలి?

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు వెళ్లే దారిలో ఒక పల్లె. ఆ ఊరి అమ్మాయి ఒకతె తొమ్మిదో తరగతి చదువుతూ రోజూ ఏడు కిలోమీటర్లు సైకిలు మీద ఆత్మకూరు బడికి వెళ్లి వచ్చేది. జూన్, జూలై నెలలు. ఒకరోజు వాళ్ల నాన్న నన్ను ఆపి, "సార్, మా పాప సైకిలు తొక్కలేక బడి మానేస్తానంటా ఉంది. గేర్ల సైకిలు కావాలంట. యాడ తెచ్చేది సార్ అంత డబ్బు?" అన్నాడు.

అమ్మాయిని అడిగితే ఇంకో విచిత్రం చెప్పింది. "పొద్దున పోయేటప్పుడు బాగానే పోతుంది సార్. సాయంత్రం వచ్చేటప్పుడే కాళ్లు పీకేస్తాయి."

దారి అదే, సైకిలు అదే, మనిషీ అదే. మరి పొద్దున లేని బరువు సాయంత్రం ఎక్కడినుంచి వచ్చింది?

పిల్లలూ! మీరు నెల్లూరు జిల్లా పడమటి వైపు వాళ్లయితే ఈపాటికి జవాబు చెప్పేసి ఉంటారు. ఆ నెలల్లో అక్కడ పడమటి గాలి వీస్తుంది. వెలిగొండలు దాటి వచ్చే పొడిగాలి అది. పొద్దున బడికి పోయేటప్పుడు వీపును తోస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. పైగా పడమరగా పోయేకొద్దీ నేల కొంచెం కొంచెం పైకి లేస్తుంది. కంటికి కనిపించదు గాని కాళ్లకు తెలుస్తుంది.

సైకిలును వెనక్కు లాగే బలాలు మూడున్నాయి. గాలి ఒకటి. టైరు నేలమీద దొర్లేటప్పుడు నలిగి, మళ్లీ సాగడంలో కలిగే దొర్లుడు ఘర్షణ ఒకటి. ఎత్తు ఎక్కేటప్పుడు భూమి ఆకర్షణ ఒకటి. ఈ అమ్మాయి విషయంలో ఇవి ఎంతెంతో లెక్క వేద్దాం. అమ్మాయి 38 కిలోలు, సైకిలు 20, పుస్తకాల సంచీ 6. మొత్తం 64 కిలోలు.

గాలి సంగతి ముందు. సైకిలు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గాలి ఏమీ లేని రోజున కూడా మొహానికి తగిలే గాలి గంటకు 12 కిలోమీటర్లే. దానికి ఎదురు నిలవడానికి సుమారు 350 గ్రాముల బలం కావాలి. (350 గ్రాముల బలం అంటే అంత బరువును చేత్తో ఎత్తి పట్టుకోవడానికి కావలసిన బలం.) ఇప్పుడు గంటకు 12 కిలోమీటర్ల ఎదురుగాలి లేచిందనుకోండి. మొహానికి తగిలే వేగం 24 అవుతుంది, అంటే రెట్టింపు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 350 గ్రాములు కాస్తా 1,400 గ్రాములు! అదే గాలి వెనకనుంచి వస్తే, తగిలే వేగం సున్నా, నిరోధమూ సున్నా. పొద్దుటికీ సాయంత్రానికీ ఉన్న తేడా ఇదే.

ఇక దొర్లుడు ఘర్షణ. గాలి సరిగా కొట్టిన టైరు అయితే, అంత నున్నగా లేని మన తారురోడ్డు మీద మొత్తం బరువులో దాదాపు నూరోవంతు. అంటే 640 గ్రాములు. నూరు మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే దారి అయితే ఎక్కడానికి మరో 640 గ్రాములు. మూడూ కలిపితే రమారమి 2,700 గ్రాములు.

ఇప్పుడొక ప్రశ్న. ఆ అమ్మాయి నాన్న అప్పో సప్పో చేసి రెండు కిలోలు తక్కువ బరువున్న సైకిలు కొన్నాడనుకుందాం. ఎంత లాభం? గాలి భాగం ఏమాత్రం తగ్గదు. టైరు ఘర్షణలో 20 గ్రాములు, ఎత్తులో 20 గ్రాములు తగ్గుతాయి. మొత్తం 2,700లో 40 గ్రాములు! అందుకోసం వేలకు వేలు పోయాలా? "తేలిక సైకిలు" అనే మాట వినగానే మోజుపడే వాళ్లకు నేనీ లెక్క చెప్తుంటాను. చాలామందికి నచ్చదు.

సరే, సైకిలు చూద్దామని చెట్టు కిందకు తీసుకెళ్లాం. వెనక చక్రం పైకెత్తి, చేత్తో తిప్పి వదిలాను. నాలుగు చుట్లు తిరిగి, టక్కున ఆగిపోయింది. మీ సైకిలుకూ ఈ పరీక్ష చేసి చూడండి, కాకపోతే ముందు చక్రానికి చేయండి. ముందు చక్రానికి చైను ఉండదు కనుక తేడా బాగా తెలుస్తుంది. చక్రంలో గాలి కొట్టే వాల్వు దగ్గర ఒక్కచోటే కాస్త బరువెక్కువ. ఇరుసులోని గుండ్లు, కోన్లు సరిగా ఉంటే ఆ కొద్ది బరువే చక్రాన్ని లాగుతుంది. చక్రం గడియారం లోలకంలా ఇటూ అటూ ఊగి, చివరకు వాల్వు కింద ఉండేటట్టు నిలుస్తుంది. వాల్వు ఎక్కడపడితే అక్కడ ఆగిందంటే కోను బిగుతయిందనో, గ్రీజు ఎండిందనో, గుండ్లు అరిగాయనో అర్థం. అరిగిన పాత గుండ్లలో రెండు మూడు కొత్తవి కలపకూడదు. పరిమాణంలో వెంట్రుకవాసి పెద్దవయిన కొత్త గుండ్ల మీదే బరువంతా పడి, కోను గుంటలు పడుతుంది. మార్చితే మొత్తం సెట్టు మార్చాలి.

ఆ అమ్మాయి సైకిలుకు గుండ్లు బాగానే ఉన్నాయి. దోషం బ్రేకుది. చక్రం కాస్త బెండయి, ప్రతి చుట్టులోనూ ఒకచోట బ్రేకు దిమ్మను రాసుకుంటోంది. అంటే పాప రోజూ బ్రేకు వేసుకునే ఏడు కిలోమీటర్లు తొక్కిందన్నమాట! పుల్లల తాళంతో అటు నాలుగు, ఇటు నాలుగు పుల్లలు బిగించి వదిలించి షాపతను పది నిమిషాల్లో బెండు తీసేశాడు.

రెండో దోషం టైరులో ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. గాలి తక్కువైన టైరు నేల మీద ఎక్కువగా పరుచుకుంటుంది, ఎక్కువ నలుగుతుంది. నలిగిన రబ్బరు తిరిగి సాగేటప్పుడు మనం పెట్టిన శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా పోతుంది. 640 గ్రాముల ఘర్షణ రెట్టింపు కావడానికి ఇదొక్కటి చాలు. "గాలి వారానికోసారి కొట్టిస్తాం సార్" అన్నాడు తండ్రి. మరి గాలి ఎటు పోతోంది? వాల్వు మీద ఉమ్మి రాస్తే బుడగ లేచింది. లోపలి వాల్ ట్యూబు ఎండవేడికి మెత్తబడి, సాగిపోయింది. వేలెడంత లేని ఆ రబ్బరు గొట్టానికి అయ్యే ఖర్చు టీ ఖర్చు కంటే తక్కువ. సైకిలుకు మార్చగల భాగాలన్నిటిలోనూ ఇంత చౌకగా, ఇంత మేలు చేసేది మరొకటి నాకు తెలియదు.

టైరులో గాలి నింపాలనే ఆలోచన ఎంత గొప్పదో చెప్పే కథ ఒకటుంది. ఐర్లండులోని బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. ఆయన కొడుకుకు మూడుచక్రాల సైకిలు ఉండేది. దాని చక్రాలకు గట్టి రబ్బరు. రాళ్లు పరిచిన దారిమీద ఒళ్లు హూనమయ్యేది. 1887లో డన్లప్ ఒక కర్రచక్రానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి, దాన్నీ, సైకిలు చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. సైకిలు చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కు ఎగిరింది. మరుసటి సంవత్సరం పేటెంటు తీసుకున్నాడు. తీరా చూస్తే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన 1845లోనే ఇలాంటి టైరుకు పేటెంటు తీసుకుని ఉన్నాడు. అప్పటికి దాన్ని తొడగడానికి తగిన సైకిలే లేదు పాపం.

ఉదయగిరి ప్రాంతంలో టైరుకు శత్రువులు ఇద్దరు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుకాయ. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికాలో ఈ మొక్కను పంక్చర్ తీగ అనే పిలుస్తారు! వీటికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు, పాత ట్యూబును నిలువునా కోసి టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరచడం. ముల్లు ఆగుతుంది, నిజమే. కాని ఆ రబ్బరు కూడా ప్రతి చుట్టులోనూ నలగాలి. నలిగినప్పుడల్లా మన శక్తిని కాస్త తింటుంది. పొలాల గట్ల మీద తిరిగేవాళ్లకు అది మంచిదే. తారురోడ్డు మీద పోయే ఈ అమ్మాయికి అనవసరం అనిపించి తీయించేశాం. నా నిర్ణయం తప్పు కావచ్చు కూడా. ఆ నెలలోనే రెండు పంక్చర్లు పడ్డాయని తర్వాత తెలిసింది!

సీటు సంగతి చెప్పనక్కర్లేదు. రెండు కాళ్లూ నేలకు ఆనాలని కిందికి దించేసి ఉంది. సీటు మీద కూర్చుని, పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దానిమీద పెడితే కాలు చాపుగా ఉండాలి. మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటే తొడ కండరం పూర్తి బలం ఇవ్వదు. ఒక నట్టు వదులు చేసి ఎత్తు పెంచాం. ఖర్చు లేదు.

ఇక అసలు మార్పు. అమ్మాయి గేర్ల సైకిలు అడిగింది కదా. గేరంటే ఏమిటి? మన మామూలు సైకిలుకు ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటాయి. (మీది లెక్కపెట్టి చూడండి.) పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం 44/18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. కనుక పెడలు చుట్టుకు సైకిలు 5.45 మీటర్లు పోతుంది. ఆ చుట్టులో మన పాదం నడిచిన దూరం 1.04 మీటర్లే. దూరంలో అయిదుంబావు రెట్లు లాభం వచ్చింది కనుక బలంలో అయిదుంబావు రెట్లు నష్టం రావాలి. ఎదురుగాలిలో 2,700 గ్రాములకు పెడలు మీద సగటున 14 కిలోలు తొక్కాలి.

వెనక 18 పళ్ల ఫ్రీవీలు తీసి 20 పళ్లది వేస్తే? 14 కిలోలు 12.8కి దిగుతుంది. 22 పళ్లయితే 11.6కు. ఊరికే రాదు మరి. ఏడు కిలోమీటర్లకు పెడలు 1,284 చుట్లు తిరిగేచోట 20 పళ్లతో 1,427, 22 పళ్లతో 1,570 చుట్లు తిరగాలి. చేసిన పని మొత్తం అంతే. ఒక్కొక్క తొక్కుడు తేలికవుతుంది, తొక్కుళ్ల సంఖ్య పెరుగుతుంది. కాని లేతకాళ్లకు నెమ్మదిగా బలంగా తొక్కడం కంటే చురుగ్గా తేలిగ్గా తొక్కడమే సుఖం. 20 పళ్లది వేయించాం. ఇరుసును గాడిలో కొద్దిగా ముందుకు జరిపితే పాత చైనే సరిపోయింది.

చైను అరిగిందో లేదో ముందే చూశాంలెండి. అంగుళాల స్కేలు తీసుకుని చైను మీద పెట్టండి. ఒక పిన్ను నుంచి లెక్కపెడితే 24వ లంకె చివరి పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు దాటిపోతే ఆ చైనుకు సెలవిచ్చేయాలి. లేకపోతే కొత్త ఫ్రీవీలు పళ్లను కూడా కొరికేస్తుంది.

ఒకప్పుడు ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధ పందెం టూర్ ద ఫ్రాన్స్‌లో కూడా ఇదే పద్ధతి. వెనక చక్రానికి రెండు వైపులా రెండు పళ్లచక్రాలుండేవి. కొండ రాగానే పందెగాళ్లు దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు! చైనును ఒక పళ్లచక్రం మీదనుంచి ఇంకోదానిమీదికి నెట్టే డిరైలర్ గేర్లను అక్కడ 1937లో గాని అనుమతించలేదు.

ఆమె తమ్ముడొకడు మొదటినుంచీ పక్కనే నిలబడి చూస్తున్నాడు. "గాలే అంత బలమయితే హ్యాండిలు తిరగేసి, వంగి తొక్కితే పోదా సార్? మడ్‌గార్డులు, బ్రేకులు కూడా పీకేస్తే?" అన్నాడు. వంగితే గాలికి అడ్డం తగ్గే మాట నిజమే. కాని ఆ పని నేనూ వాడి వయసులో చేశాను. రాడ్ బ్రేకుల సైకిలుకు హ్యాండిలు తిరగెయ్యాలంటే బ్రేకు రాడ్లు తీసెయ్యక తప్పదు. ముందు బ్రేకు పీకేసి, వెనకదానికి ఒక తీగ కట్టుకున్నాను. ఉదయగిరి దగ్గర వాలులో వాన మొదలయింది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. కనుక బాగా ఆపగలిగేది ముందు బ్రేకే. అది నాకు లేదు. ఉన్న వెనక బ్రేకు తడిసిన ఇనుప రిమ్ము మీద జారిపోయింది. మామూలుగా గంటకు 15 కిలోమీటర్ల వేగంలో మూడున్నర మీటర్లలో ఆగే సైకిలు, 30 వేగంలో అయితే 14 మీటర్లు తీసుకుంటుంది. ఇక్కడా వర్గమే! నా సైకిలు ఎన్ని మీటర్లు తీసుకునేదో తెలియదు, మధ్యలో తుమ్మకంప అడ్డం వచ్చింది. ఎడమ మోచేతి మీద ఆ గుర్తు వాడికి చూపించాను.

ఆ సాయంత్రమే అమ్మాయి సైకిలెక్కి ఊరి చివరిదాకా, గాలికి ఎదురుగా పోయి వచ్చింది. "ఎట్లుంది పాపా?" అన్నాడు తండ్రి. "గాలి అట్లే ఉంది నాయనా. సైకిలే మారింది" అంది. షాపతనికి ఇవ్వాల్సిన డబ్బులో సగం కంటే ఎక్కువ ఫ్రీవీలుదే.