ఉష్ణమండలంలో నిమ్మజాతి తోటలు: బెట్ట, పూత, నీటి యాజమాన్యం

4.1 పరిచయం

నిమ్మజాతి చెట్లు సతతహరితాలు. ఆకులన్నీ రాల్చి విశ్రాంతి తీసుకునే కాలం వాటికి లేదు. అయితే పూత బాగా రావాలంటే ఎదుగుదల కొంతకాలం ఆగాలి. పంజాబ్ వంటి ఉప ఉష్ణమండల ప్రాంతాలలో ఆ పని శీతాకాలపు చలి చేస్తుంది. అక్కడి కిన్నో తోటలు చలి తగ్గగానే ఒక్కసారిగా పూస్తాయి. తెలుగు రాష్ట్రాలలో అంత చలి ఉండదు కాబట్టి, ఇక్కడ ఎదుగుదలను ఆపేది నీటి ఎద్దడే. నీరు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్నదే ఈ తోటల సాగులో కీలక నిర్ణయం.

4.2 బెట్ట ఎలా పనిచేస్తుంది?

నీరు ఆపితే కొత్త చిగుర్లు రావడం ఆగుతుంది. ఆకులలో తయారైన పిండిపదార్థాలు చిగుర్లకు ఖర్చు కాకుండా కొమ్మలలో నిల్వ ఉంటాయి. తిరిగి నీరు, ఎరువులు అందినప్పుడు మొగ్గలు పూతగా విచ్చుకుంటాయి.

ఇసుక నేలలు త్వరగా ఆరిపోతాయి కాబట్టి వాటిలో తక్కువ రోజుల బెట్ట చాలు. తేమను పట్టి ఉంచే నల్లరేగడి నేలల్లో ఎక్కువ రోజులు పడుతుంది. అందువల్ల రోజుల లెక్క కంటే చెట్టును గమనించడం మేలు. ఆకులు వడలి, కొన్ని రాలడం మొదలైతే బెట్ట చాలినట్లే. అంతకు మించితే కొమ్మలు ఎండుతాయి. మొదటి తడిని తేలికగా ఇచ్చి, క్రమంగా పెంచాలి. లేత తోటలకు, తెగులు సోకిన చెట్లకు బెట్ట పనికిరాదు.

4.3 మూడు బహార్లు

అ) అంబే బహార్: జనవరి–ఫిబ్రవరి పూత.
ఆ) మృగ్ బహార్: జూన్–జూలై పూత.
ఇ) హస్త బహార్: సెప్టెంబరు–అక్టోబరు పూత.

4.4 ఏ బహార్‌ను ఎంచుకోవాలి?

నల్గొండ ప్రాంతంలో బోరుబావిపై ఆధారపడిన ఒక బత్తాయి తోటను ఊహించండి. అంబే బహార్ తీసుకుంటే, పిందెలు ఎదిగే మార్చి–మే నెలలలోనే బోరులో నీరు తగ్గుతుంది. అప్పుడు నీరు చాలకపోతే పిందె రాలుతుంది. పూత బాగా వచ్చినా కాత దక్కదు. వేసవిలో నీటికి భరోసా లేని రైతుకు మృగ్ బహార్ మేలు. వేసవిలోనే బెట్ట పడుతుంది, పిందెలు వానాకాలంలో ఎదుగుతాయి. అయితే వానలు ఆలస్యమైతే బెట్ట హద్దు దాటుతుంది. అప్పుడు చెట్టును కాపాడడానికి ఒకటి రెండు తడులకైనా నీరు ఉంచుకోవాలి.

నిమ్మ విషయం వేరు. గూడూరు, పొదలకూరు ప్రాంతాల రైతులకు వేసవి కాయకు మంచి ధర వస్తుంది. అందుకు హస్త బహార్ పూత కావాలి. కానీ బెట్ట పెట్టవలసిన రోజులలో వాన పడితే నీరు ఆపినా ఫలితం ఉండదు. అందువల్ల ఈ పూత లాభదాయకమే కాని, నమ్మకమైనది కాదు.

4.5 పండు రంగు

మన బత్తాయి పండినా తొక్క పచ్చగానే ఉండడం మీరు గమనించే ఉంటారు. తొక్కలోని పత్రహరితం తగ్గి నారింజ రంగు బయటపడాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. కనుక ఇక్కడ పక్వతను రంగుతో కాక, రసం, తీపి, పులుపుల నిష్పత్తితో నిర్ణయించాలి.

4.6 సారాంశం

ఉష్ణమండలంలో చలి చేయవలసిన పనిని రైతు బెట్టతో చేయిస్తాడు. ఏ బహార్ తీసుకోవాలో ముందుగా చెప్పేది బావిలోని నీరు, ఆ తరువాతే మార్కెట్ ధర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నల్లరేగడిలో బెట్ట కాలం ఎందుకు ఎక్కువ?
2. మీ ప్రాంతపు వర్షాలను, నీటి వనరులను బట్టి బత్తాయికి తగిన బహార్‌ను సూచించి, కారణాలు రాయండి.