ఇల్లు మారితే బిల్లెంత? అమెరికాలో మూవర్స్ లెక్క

న్యూజెర్సీ నుంచి డాలస్‌కు ఇల్లు మారే తెలుగు కుటుంబం మూడు మూవింగ్ కంపెనీలకు ఫోన్ చేస్తే, అదే సామానుకు మూడు ధరలు వినిపిస్తాయి. తక్కువ చెప్పినవాళ్లను ఖాయం చేసుకునే ముందు, అది ఏ రకం ఎస్టిమేటో అడగాలి. సామాను దించే రోజు ఎంత కట్టాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గంటలా, పౌండ్లా?

ఊళ్లోనే మారితే సాధారణంగా గంటల లెక్క. ఇద్దరు మనుషులు, ఒక ట్రక్కు కలిపి గంటకు 150 డాలర్లు అనుకుంటే 6 గంటలకు 900. లిఫ్టు కోసం గంటసేపు నిలబడితే మరో 150. అందుకే డబ్బాలు ముందే సర్ది పెట్టుకుంటే డబ్బు మిగులుతుంది.

రాష్ట్రం దాటితే ఫెడరల్ నిబంధనలు వర్తిస్తాయి. అప్పుడు ధరకు ఆధారం ప్రధానంగా బరువు, దూరం. మీ సామాను ఎక్కించక ముందు, ఎక్కించాక ట్రక్కును కాటా వేస్తారు. మొదటి చీటీలో 20,300 పౌండ్లు, రెండోదాంట్లో 26,700 ఉంటే మీ సామాను 6,400 పౌండ్లు. కాటా దగ్గర మీరూ ఉండొచ్చు. అనుమానం వస్తే సామాను దించకముందే మళ్లీ తూయమనొచ్చు. దానికి రుసుము లేదు, ఆ రెండో తూకం ప్రకారమే బిల్లు వేయాలి.

ఫోన్‌లో క్యూబిక్ అడుగుల్లో ధర చెబితే పౌండ్లలోకి మార్చుకోండి. క్యూబిక్ అడుగుకు 7 పౌండ్లు అన్నది ఈ రంగంలో వాడుక లెక్క. 600 క్యూబిక్ అడుగులంటే సుమారు 4,200 పౌండ్లు.

ఎస్టిమేట్‌లో రకాలు

బైండింగ్ ఎస్టిమేట్‌లో రాసిన సామానుకు, రాసిన పనులకు రాసిన ధరే. బరువు పెరిగినా మారదు. ‘నాట్ టు ఎక్సీడ్’ రకమైతే ఇంకా మేలు: బరువు తగ్గితే ధరా తగ్గుతుంది, పెరిగితే పరిమితి దాటదు.

నాన్‌బైండింగ్ అంటే అంచనా మాత్రమే, చివరి బిల్లు అసలు బరువును బట్టి వస్తుంది. ఇక్కడే 110 శాతం నియమం కాపాడుతుంది. ఎస్టిమేట్ 4,000 డాలర్లు, బిల్లు 5,000 అయిందనుకుందాం. దించేటప్పుడు 4,400 కడితే సామాను అప్పగించాల్సిందే. మిగతా 600కు కనీసం 30 రోజుల గడువివ్వాలి. మీరు మధ్యలో అడిగిన అదనపు పనులకు ఛార్జీలు వేరు.

పోతే ఎంతిస్తారు?

చాలామంది చదవకుండా సంతకం పెట్టే చోటు ఇదే. అదనపు ఖర్చు లేని ‘రిలీజ్డ్ వాల్యూ’ ఎంచుకుంటే కంపెనీ బాధ్యత వస్తువుకు పౌండుకు 60 సెంట్లే. 50 పౌండ్ల టీవీ పగిలితే 30 డాలర్లు. 40 పౌండ్ల పట్టుచీరల పెట్టె మొత్తం పోయినా 24 డాలర్లు. ‘ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్’కు డబ్బు కట్టాలి. కానీ అందులో బాగుచేయించడమో, అలాంటిదే ఇవ్వడమో, విలువ చెల్లించడమో కంపెనీ పని. పౌండుకు 100 డాలర్లకు మించి విలువ చేసే వస్తువులను, వెండి పూజాసామగ్రి లాంటివాటిని, విడిగా జాబితాలో రాయించాలి. బంగారం మాత్రం మీ వెంటే ఉంచుకోండి.

నష్టం జరిగితే 9 నెలల్లోగా రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టవచ్చు. కంపెనీ 30 రోజుల్లో అందినట్టు తెలపాలి, 120 రోజుల్లో తేల్చాలి.

సంతకానికి ముందు

మాట్లాడుతున్నది ట్రక్కున్న కంపెనీయా, బ్రోకరా అని అడగండి. కంపెనీకి రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబరు తీసుకుని ఫెడరల్ మోటార్ క్యారియర్ భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నేరుగానో వీడియోలోనో ఇల్లంతా చూపించి, అటకమీది పెట్టెలు సహా ప్రతిదీ జాబితాకెక్కించండి. ఖాళీలున్న కాగితం మీద సంతకం పెట్టకండి. కొత్త ఊళ్లో మొదటి నెల ఖర్చులు ఎలాగూ ఎక్కువ. ఆ కుటుంబం ట్రక్కు ముందు నిలబడి బేరమాడే పరిస్థితి రాకూడదంటే ధర, బరువు, బాధ్యత మూడూ ముందే కాగితం మీదికి రావాలి.