విహార వాహనాల ఫైబర్‌గ్లాస్ గోడలు – ఉపరితల లోపాలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• విహార వాహనం గోడలోని పొరలను, ఒక్కో పొర చేసే పనిని వివరించగలుగుతారు.
• గోడపై కనిపించే లోపాలను, అవి పుట్టిన పొరను బట్టి వర్గీకరించగలుగుతారు.
• అందానికి మాత్రమే సంబంధించిన లోపాన్ని, గోడ బలాన్ని దెబ్బతీసే లోపాన్ని వేరుచేసి గుర్తించగలుగుతారు.
• పరికరాలు లేకుండానే గోడను పరిశీలించే పద్ధతిని తెలుపగలుగుతారు.

11.1 పరిచయం

వంటగది, పడకలు, స్నానాలగది అమర్చిన వాహనాల్లో కుటుంబాలు రోజుల తరబడి ప్రయాణించడం అమెరికా, కెనడా దేశాల్లో సర్వసాధారణం. వీటిని రిక్రియేషనల్ వెహికల్స్ అనీ, వాడుకలో ఆర్‌వీలు అనీ అంటారు. సొంత ఇంజను ఉన్నవి మోటర్‌హోమ్‌లు. మరో బండి వెనక తగిలించి లాగేవి ట్రావెల్ ట్రైలర్లు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న ఎల్క్‌హార్ట్ ప్రాంతం ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా సెలవుల్లో ఆర్‌వీలను అద్దెకు తీసుకుంటూ ఉంటాయి.

ఒక సందర్భాన్ని ఊహించండి. ఒకరు పాత ట్రైలర్‌ను కొనడానికి వెళ్ళారు. ఎండ తగిలే వైపు గోడ తెల్లబారి, చెయ్యి పెడితే పొడి అంటుతోంది. కిటికీ మూలన వెంట్రుకలంత సన్నని పగుళ్లు ఉన్నాయి. పైభాగంలో దీపం కింద అరచేయంత మేర గోడ కొద్దిగా ఉబ్బి ఉంది. “ఇవన్నీ పైపై లోపాలే, పాలిష్ పెడితే సరిపోతుంది” అన్నాడు అమ్మేవాడు. ఈ మూడింటిలో ఒకదాని విషయంలో ఆ మాట నమ్మితే కొన్నవారు చాలా నష్టపోతారు. అది ఏది? ఎందుకు? ఈ యూనిట్ పూర్తయ్యేసరికి మీరే సమాధానం చెప్పగలగాలి.

11.2 గోడ నిర్మాణం

ఫైబర్‌గ్లాస్ ఒక సంయుక్త పదార్థం. ఇందులో గాజు పోగులు బలాన్నిస్తాయి. వాటిని కలిపి ఉంచే రెసిన్, సాధారణంగా పాలియెస్టర్ రెసిన్, ఆకారాన్నిస్తుంది. ఆర్‌వీల్లో దీన్ని రెండు రకాలుగా వాడతారు.

(అ) అచ్చుపోసిన గోడలు: అచ్చు లోపలి ముఖానికి ముందుగా జెల్‌కోట్ అనే రంగు కలిపిన రెసిన్ పూతను పూస్తారు. దాని మీద గాజు పోగులు, రెసిన్ పరుస్తారు. గట్టిపడ్డాక అచ్చు నుంచి విడదీస్తే, మొదట పూసిన పూత బయటి ముఖం అవుతుంది. జెల్‌కోట్ మందం సాధారణంగా అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్ ట్రైలర్లు ఈ పద్ధతిలో తయారైనవే. గుడ్డు ఆకారంలో రెండు చిప్పలుగా పోసి వాటిని అతికించేవారు.

(ఆ) పొరల గోడలు: నేటి ఆర్‌వీల్లో విస్తృతంగా కనిపించేవి ఇవి. బయటి నుంచి లోపలికి వీటి క్రమం ఇలా ఉంటుంది: పలుచని ఫైబర్‌గ్లాస్ రేకు, దానికి వెనక దన్నుగా సన్నని ప్లైవుడ్, మధ్యలో అల్యూమినియం గొట్టాల చట్రం, ఆ చట్రం గడుల్లో పాలీస్టైరీన్ నురుగు దిమ్మలు, చివర లోపలి అలంకరణ పలక. వీటన్నిటినీ జిగురుతో అతికించి, శూన్య పీడనంతో గానీ రోలర్ల మధ్య గానీ అదుముతారు. కొందరు తయారీదారులు ప్లైవుడ్‌కు బదులుగా, నీటికి చెడిపోని ప్లాస్టిక్–గాజు పోగుల పలకను వాడుతున్నారు.

పొరల గోడలో ఏ పొరకూ విడిగా తగినంత బలం లేదు. జిగురు పట్టి ఉన్నంతవరకే అన్నీ కలిసి ఒకే దిమ్మలా బరువు మోస్తాయి. కాబట్టి గోడపై ఏదైనా మచ్చ కనిపించినప్పుడు “ఇది ఎంత పెద్దది?” అనే ప్రశ్న కన్నా “ఇది ఏ పొరలో పుట్టింది?” అనే ప్రశ్న ముఖ్యం.

11.3 తయారీలో ఏర్పడే లోపాలు

11.3.1 పోగుల ముద్ర: పాలియెస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 5 నుంచి 8 శాతం తగ్గుతుంది. గాజు పోగులు మాత్రం కుంచించుకుపోవు. అందువల్ల పోగుల మధ్య రెసిన్ కొద్దిగా లోపలికి దిగి, పోగుల అల్లిక బయటికి లీలగా కనిపిస్తుంది. దీనివల్ల గోడ బలం తగ్గదు.

11.3.2 సూదిబెజ్జాలు: జెల్‌కోట్‌లో చిక్కుకున్న గాలి బుడగలు తరవాత పగిలి చిన్న బెజ్జాలుగా మిగులుతాయి. వీటిలో మురికి చేరి నల్లని చుక్కల్లా కనిపిస్తాయి. వీటిని శుభ్రంచేసి జెల్‌కోట్ ముద్దతో పూడ్చవచ్చు.

11.3.3 చట్రం ముద్ర, అలలు: కొన్ని గోడల్లో అల్యూమినియం గొట్టాలు ఉన్నచోట నిలువు, అడ్డ గీతలు కనిపిస్తాయి. దీనికి ఒక కారణం పదార్థాల వ్యాకోచంలోని తేడా. ఈ ఉదాహరణ చూడండి.

ఉదాహరణ: అల్యూమినియం రేఖీయ వ్యాకోచ గుణకం డిగ్రీ సెల్సియస్‌కు 23 × 10⁻⁶. 8 మీటర్ల పొడవున్న గొట్టం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే, పొడవులో పెరుగుదల = 23 × 10⁻⁶ × 8 × 40 = 0.00736 మీటర్లు, అంటే సుమారు 7.4 మిల్లీమీటర్లు.

పాలీస్టైరీన్ నురుగు వ్యాకోచ గుణకం దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది. ప్లైవుడ్‌ది దీనికన్నా తక్కువ. ఒకదానికొకటి అతికి ఉన్న పొరలు ఇలా వేరువేరుగా సాగాలని చూడటం వల్ల గోడలో ప్రతిబలాలు ఏర్పడి, చట్రం గీతలు బయటపడతాయి.

అలలు కనిపించడం వెనక కాంతి సూత్రం కూడా ఉంది. దర్పణాన్ని ఒక కోణంలో తిప్పితే పరావర్తన కిరణం దానికి రెట్టింపు కోణంలో తిరుగుతుందని మీరు చదువుకున్నారు. నిగనిగలాడే గోడ కూడా దర్పణంలాగే పనిచేస్తుంది. మిల్లీమీటరులో కొంత భాగమంత వంపు ఉన్నా, ఎదుటి చెట్టు నీడ అందులో వంకరలు పోతుంది. ముదురు రంగు గోడల్లో ఇది మరీ స్పష్టం. అవి ఎండలో ఎక్కువ వేడెక్కుతాయి కూడా.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
పోగుల ముద్ర ఎందువల్ల ఏర్పడుతుంది?

11.4 వాడుకలో ఏర్పడే లోపాలు

11.4.1 సుద్దపట్టడం: సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి జెల్‌కోట్ ఉపరితలంలోని రెసిన్ అణువుల గొలుసులను తెంచుతాయి. రెసిన్ పట్టు కోల్పోయిన రంగు కణాలు పొడిగా తేలతాయి. సున్నం వేసిన గోడకు ఆనుకుంటే వీపుకు తెల్లగా అంటినట్లే, ఇక్కడా చేతికి అంటుతుంది. గోడపై అతికించిన బొమ్మల స్టిక్కర్లను ఏళ్ల తరవాత తీసేస్తే, వాటి ఆకారం గోడ మీద మిగిలిపోవడం మీరు గమనించవచ్చు. స్టిక్కర్ కప్పినంత మేర ఎండ తగలకపోవడమే ఇందుకు కారణం. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లోని పాత ఫైబర్ పడవలపై చెయ్యి రుద్ది చూస్తే ఈ మార్పు మీకు ప్రత్యక్షంగా తెలుస్తుంది.

సుద్దపట్టిన గోడను ముందు కడిగి, రుద్దుడు ముద్దతో పై పొరను తొలగించి, మెరుగుపెట్టి, మైనం పూయాలి. అయితే ఒక హెచ్చరిక. రుద్దిన ప్రతిసారీ కొంత జెల్‌కోట్ పోతుంది. పదే పదే రుద్దితే పోగులు బయటపడి, నయమయ్యే లోపం నయంకాని లోపంగా మారుతుంది. అందుకే మైనం పూతతోనూ, నీడలో నిలపడంతోనూ ముందే కాపాడుకోవడం మేలు.

11.4.2 సాలెగూడు పగుళ్లు: గోడ వంగినప్పుడు లోపలి గాజు పోగుల పొర సాగగలుగుతుంది. పోగులు లేని జెల్‌కోట్ పెళుసైనది కాబట్టి పగులుతుంది. రాయి తగిలినచోట పగుళ్లు ఒక కేంద్రం నుంచి నక్షత్రంలా విస్తరిస్తాయి. గోడ మాటిమాటికీ వంగే చోట దాదాపు సమాంతరంగా ఉంటాయి. కిటికీ, తలుపు మూలల్లో ప్రతిబలం కేంద్రీకృతమవుతుంది కాబట్టి అక్కడ తరచుగా కనిపిస్తాయి. పగులు జెల్‌కోట్‌కే పరిమితమైతే అది అందానికి సంబంధించినదే. పోగులు కనిపించినా, పగులు నెలనెలా పొడవు పెరుగుతున్నా వెంటనే మరమ్మతు చేయించాలి.

11.4.3 చారలు: పైకప్పు నుంచి వాననీటితో జారే దుమ్ము, కప్పు పూత పొడి గోడపై నల్లని, తెల్లని చారలు కడతాయి. ఇవి కడిగితే పోయేవే.

11.5 అందానికి మించిన లోపం – పొరలు విడిపోవడం

ఇంతవరకు చెప్పుకున్నవి చాలావరకు బయటి పొరకు పరిమితమైనవి. గోడ ఉబ్బడం అలాంటిది కాదు. కిటికీ అంచు, దీపం, పైకప్పు గోడను కలిసే అతుకు మొదలైన చోట్ల గోడకు కన్నాలు ఉంటాయి. వాటి చుట్టూ నీరు చొరకుండా సీలెంట్ పూస్తారు. ఎండకు, కుదుపులకు అది ఎండి పగులుతుంది. ఆ సందులోంచి దిగిన నీటిని ప్లైవుడ్ పీల్చుకుంటుంది. ప్లైవుడ్ పలకలు ఒకదాన్నుంచి ఒకటి ఊడతాయి, క్రమంగా కుళ్లుతాయి. వెనక దన్ను పోవడంతో ఫైబర్‌గ్లాస్ రేకు బయటికి ఉబ్బుతుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. అధిక వేడికి జిగురు పట్టు వదలడం వల్ల, నీరు లేకుండా కూడా అరుదుగా ఇలా జరగవచ్చు.

ఈ ఉబ్బు చూడటానికి చిన్నది. పైన రంగు చెక్కు చెదరదు, మెరుపు తగ్గదు. అందుకే దీన్ని పైపై లోపంగా చెప్పడం సులభం. నిజానికి ఉబ్బు కనిపించేసరికి లోపల అంతకు మించిన మేర తడిసి ఉండవచ్చు. నీరు చొరే చోటును ముందుగా మూసి, ఆరబెట్టి, చిన్న ఉబ్బయితే ఎపాక్సీ జిగురు ఎక్కించి బిగిస్తారు. పెద్దదైతే గోడ భాగాన్నే మార్చవలసి వస్తుంది. నీటిదారిని మూయకుండా రేకును మాత్రమే అతికిస్తే లోపం మళ్ళీ తలెత్తుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
పరిచయంలో చెప్పిన మూడు లోపాల్లో ఏది ప్రమాదకరం? ఎందుకు?

11.6 పరిశీలన పద్ధతి

1. గోడను కడిగి, ఆరిన తరవాతే చూడాలి. మురికి కింద పగుళ్లు కనబడవు.
2. వడ్రంగి ఒక కన్ను మూసి చెక్క వంకర చూసినట్లు, గోడ చివర నిలబడి దాని వెంబడి చూడాలి. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఇందుకు అనుకూలం.
3. చేత్తో రుద్ది పొడి అంటుతుందేమో చూడాలి.
4. అనుమానమున్న చోట అరచేత్తో నొక్కాలి. గోడ లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తే పొర విడిపోయినట్లే.
5. కుండ కొనేటప్పుడు మెటికతో కొట్టి చూసినట్లు గోడంతా వరసగా కొట్టి వినాలి. గట్టిగా పలికేచోటు నుంచి బోలుగా, మందంగా పలికేచోటుకు మారితే అక్కడ గుర్తు పెట్టాలి. గొట్టం మీద, నురుగు మీద ధ్వని సహజంగానే వేరుగా ఉంటుంది. కాబట్టి చట్రం గడులన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి.
6. సీలెంట్ అతుకులన్నీ, లోపలివైపు గోడ కాగితంపై తడి మరకలు, ముక్క వాసన పరిశీలించాలి. వాహనం సొంతదైతే కనీసం ఆరు నెలలకోసారి అతుకులను చూడాలి.

అద్దెకు తీసుకునేవారు బయలుదేరే ముందే గోడలను ఫొటోలు తీసుకుంటే, పాత మచ్చలకు తాము బాధ్యులు కానని చూపగలుగుతారు. కొత్త వాహనం కొనేవారు వారంటీ పత్రంలో ఉపరితల లోపాల గురించి, నీరు చొరడం గురించి ఏమి రాశారో విడివిడిగా చదవాలి. ఈ రెండింటికీ షరతులు, గడువు ఒకటే కాకపోవచ్చు.

11.7 సారాంశం

ఆర్‌వీ గోడ అనేక పొరల కలయిక. పోగుల ముద్ర, సూదిబెజ్జాలు, అలలు తయారీలో పుడతాయి. సుద్దపట్టడం, సాలెగూడు పగుళ్లు, చారలు వాడుకలో ఏర్పడతాయి. ఇవి సాధారణంగా బయటి పొరకు సంబంధించినవి. ఉబ్బు మాత్రం లోపలి పొరల మధ్య పట్టు పోయిందనడానికి సూచన. కంటికి ఎక్కువగా కనిపించే లోపం ఎక్కువ ప్రమాదకరం కానవసరం లేదు. లోపం ఏ పొరలో ఉందో తెలుసుకున్న తరవాతే దాని తీవ్రతను నిర్ణయించాలి.

11.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. గట్టిపడేటప్పుడు రెసిన్ కుంచించుకుపోవడం, గాజు పోగులు కుంచించుకుపోకపోవడం వల్ల.
2. దీపం కింది ఉబ్బు. దీపం కన్నం గుండా నీరు చొరి, ప్లైవుడ్ పొరలు విడిపోయాయని అది సూచిస్తుంది. సుద్దపట్టడం జెల్‌కోట్‌కు పరిమితం. కిటికీ మూల పగుళ్లలో పోగులు కనిపించనంతవరకు అవి కూడా అంతే. అయితే వాటిని గమనిస్తూ ఉండాలి.

11.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సుద్దపట్టడం అంటే ఏమిటి? దాని నివారణ మార్గాలను తెలపండి.
2. 6 మీటర్ల అల్యూమినియం గొట్టం ఉష్ణోగ్రత 50 డిగ్రీలు పెరిగితే దాని పొడవు ఎంత పెరుగుతుంది?

II. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పొరల గోడ నిర్మాణాన్ని వివరించి, అందులో డీలామినేషన్ ఏర్పడే క్రమాన్ని, దాన్ని గుర్తించే పద్ధతులను చర్చించండి.