పాత చర్చి ఫోటో ఒక్క క్లిక్కుతో ఎందుకు రాలేదు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో మెయిన్ రోడ్డు దిగి, కాలువ గట్టు వెంట కొంత దూరం పోతే ఒక గ్రామం వస్తుంది. అక్కడ పాత చర్చి ఉంది. సున్నపు గోడలు, ఆర్చీ కిటికీలు, పైన రేకులు. మొదట పెంకులే ఉండేవట. 1977 నవంబరు 19 తుఫానులో అవి ఎగిరిపోతే రేకులు వేశారని పెద్దలు చెప్పారు. ఇప్పుడు గోడలు బీటలు తీశాయి. వాన వస్తే బలిపీఠం పక్కనే కారుతుంది. పాతది తీసివేసి కొత్తది కట్టాలని సంఘం తీర్మానించింది.

“పడగొట్టేలోగా మంచి ఫోటోలు తీసిపెట్టు బాబూ, మా పిల్లలకు చూపించుకోవాలి” అని సంఘ పెద్దలు నన్ను అడిగారు. నేను వృత్తిరీత్యా ఎక్స్‌రే టెక్నీషియన్‌ను. ఫోటోలు నాకు సరదా మాత్రమే. ఒక పూట పని అనుకుని వెళ్ళాను. రెండు రోజులు పట్టింది.

గుమ్మంలో నిలబడి బలిపీఠం వైపు తీసిన మొదటి ఫోటోలో కిటికీలు మాత్రమే వచ్చాయి. బయటి కొబ్బరిచెట్టు ఆకులతో సహా చక్కగా ఉంది. లోపలి బెంచీలు, పుల్పిటు, గోడలోని రాతిఫలకం అన్నీ మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. కెమెరా సరిచేసి మళ్ళీ తీశాను. ఈసారి బెంచీలు కనబడ్డాయి గాని, కిటికీలకు తెల్లకాగితం అతికించినట్టయింది. అక్కడే నిలబడి ఉన్న నాకు మాత్రం రెండూ కనబడుతూనే ఉన్నాయి!

కారణం మన కంట్లో ఉంది. కన్ను గది మొత్తాన్ని ఒకే చూపుతో చూడదు. కిటికీ వైపు తిరగగానే కంటిపాప చిన్నదవుతుంది, చీకటి మూల వైపు తిరిగితే పెద్దదవుతుంది. వయసులో ఉన్నవారికి ఇది సుమారు 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. లోపలి రెటీనా కూడా వెలుగును బట్టి తనను సర్దుకుంటుంది. చిమ్మచీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు కావాలి. ఇలా ముక్కలుముక్కలుగా చూసినదాన్ని మెదడు ఒకే దృశ్యంగా కూర్చిపెడుతుంది. కెమెరా షట్టరు అలా కాదు, మొత్తం ఫోటోకు ఒకే లెక్క. ఆ మధ్యాహ్నం బయటి ఎండకు సెకనులో 500వ వంతు వెలుగు సరిపోయింది. బెంచీల కింది నీడకు 2 సెకన్లు కావలసివచ్చింది. అంటే వెయ్యి రెట్ల తేడా!

ఎక్స్‌రే గదిలో ఇది మాకు తెలిసిన బాధే. ఊపిరితిత్తులు బాగా కనబడేలా ఛాతీ ఫిల్ము తీస్తే వెన్నెముక సరిగ్గా తెలియదు. వెన్నెముక కోసం తీస్తే ఊపిరితిత్తులు నల్లబడిపోతాయి. సి.టి. స్కానులో అయితే ఒకే స్కానును ఊపిరితిత్తులకు ఒక రకంగా, ఎముకలకు ఒక రకంగా తెరమీద మార్చి చూస్తారు. అందుకోసం రోగిని మళ్ళీ స్కాను చేయరు. గోడలకు ఆ ఇబ్బంది లేదు, ఎన్నిసార్లు తీసినా ఏమీ అనుకోవు.

కాబట్టి కెమెరాను స్టాండు మీద బిగించి, కదలకుండా ఒకే చోటు నుంచి ఆరు ఫోటోలు తీశాను: 1/500, 1/125, 1/30, 1/8, 1/2, చివరకు 2 సెకన్లు. ఒక్కొక్కటి ముందుదానికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు. లెన్సు ద్వారాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచి మార్చలేదు, షట్టరు కాలం మాత్రమే మార్చాను. ఫోకసు, రంగుల సర్దుబాటు కూడా ఆటోమేటిక్ నుంచి తీసివేయాలి. లేకపోతే ఆరు ఫోటోలూ ఆరు రకాలుగా వస్తాయి. ఫ్యాను ఆపించడం మరిచాను, మొదటి రోజు పని అంతా దానితోనే పోయింది. రెండో రోజు ఫ్యాను ఆపించాను గాని, ఒక చిన్నపిల్లవాడు మధ్యలో నడిచి వెళ్ళాడు. కలిపిన ఫోటోలో వాడు మూడు బెంచీల దగ్గర పలుచగా దయ్యంలా కనబడ్డాడు. ఆ ప్రతిని వాళ్ళ అమ్మగారు అడిగి తీసుకున్నారు.

ఈ కలపడం కొత్త సంగతి కాదు. 1850లలో ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఫోటో తీస్తుంటే ఆకాశం తెల్లగా మాడిపోయేది. సముద్రానికి ఒక నెగెటివు, మేఘాలకు మరొక నెగెటివు తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తుంది. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే ముగ్గురు చూపిన పద్ధతిలో, ప్రతి ఫోటోలో మరీ నల్లగా గాని మరీ తెల్లగా గాని లేని భాగాలకు ఎక్కువ విలువ ఇచ్చి, అతుకు కనబడకుండా కలుపుతారు. దానికి ‘ఎన్‌ఫ్యూజ్’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. బాపట్లలో ఫోటో స్టూడియో నడిపే మిత్రుని కంప్యూటరు మీద ఇద్దరం కూర్చుని కలిపాము.

సెల్‌ఫోన్లు కూడా ఇటువంటి పనే చేస్తున్నాయి. ఐఫోన్‌లో ఈ సదుపాయం 2010లోనే వచ్చింది. ఇంట్లో పుట్టినరోజుకు అది చాలు. నా ఫోను మాత్రం నీడలన్నిటినీ లేపివేసి, ఆ చర్చిని ట్యూబులైట్లు వెలిగించిన కల్యాణమండపంలా చేసింది. మా మొదటి ప్రయత్నమూ అలాగే పాడైంది. గోడలు బంగారు రంగులో, ఆకాశం ఊదా రంగులో క్యాలెండరు బొమ్మలా తయారైంది. ఆ చర్చిలో మధ్యాహ్నం వేళ కూడా చల్లని చీకటి ఉంటుంది. అక్కడ పెరిగినవారికి గుర్తుండేది ఆ చీకటే. అందుకని రెండోసారి 2 సెకన్ల ఫోటో వాటా బాగా తగ్గించాము. బెంచీల కింద నీడను నీడగానే ఉంచాము.

రాతిఫలకం మాత్రం ఎలా కలిపినా చదవడానికి రాలేదు. సున్నం పూసిపూసి దాతల పేర్లు పూడుకుపోయాయి. తలుపులు మూయించి, టార్చిలైటును గోడకు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి వేశాము. అక్షరాల గుంటల్లో నీడ పడి పేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఇది జరగదు. మీ ఊరిలో పాత ఫలకాలు, సమాధి రాళ్ళు ఉంటే సెల్‌ఫోనుతోనే ఇలా తీసి చూడండి.

పని జరుగుతుండగా ఒక మామ్మగారు వచ్చి కూర్చున్నారు. నా మొదటి ఫోటోలు కెమెరా తెరమీద చూపించి, కిటికీలు తెల్లబడిపోయాయని చెప్పాను. “నాకెప్పుడూ అట్టాగే కనపడతది బాబూ. ఆ కిటికీ ఎదురుగా ఉంటే అయ్యగారి మొహమే తెలియదు” అన్నారు. వెలుగుకు ఎదురుగా చూసినప్పుడు ఇలా మసకతో కూడిన తెల్లని మెరుపు రావడం శుక్లానికి ఉండే లక్షణాల్లో ఒకటి. కంటి కటకం మసకబారడంతో లోపలికి వచ్చే వెలుగు చెదిరిపోతుంది. వయసు మీదపడింది అనుకుని ఊరుకున్నారట. కళ్ళు పరీక్ష చేయించమని వాళ్ళ అబ్బాయికి గట్టిగా చెప్పి వచ్చాను.

తెనాలిలో పెద్ద ప్రింట్లు వేయించాము, మెరుపు లేని కాగితం మీద. మెరిసే కాగితమైతే గోడకు పెట్టినప్పుడు మళ్ళీ కిటికీలే అందులో కనబడతాయి. అసలు ఫైళ్ళు, కలపనివి ఆరూ విడిగా, పాస్టరుగారి దగ్గర ఒక పెన్‌డ్రైవులో, నా దగ్గర మరొకటిలో ఉన్నాయి. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే మళ్ళీ కలుపుకోవచ్చు.

గంట ఫోటో ఒక్కటే మిగిలిపోయింది. గోపురం మెట్ల మీద పెద్ద తేనెపట్టు ఉంది. పడగొట్టే పని మొదలయ్యేలోగా దాన్ని తీసేవారిని పిలిపిస్తామని సంఘ పెద్దలు అన్నారు.