మృగయాపాథేయము - అన్నపానవివేచనము

అభిజ్ఞానశాకుంతలము ద్వితీయాంకము విదూషకుని నిట్టూర్పుతో మొదలగును. వేటలాడు రాజుతో చెలిమి చేసినందున తాను పడుచున్న పాట్లను మాధవ్యుడు ఏకరువు పెట్టును. ఆకులు పడి వగరెక్కిన కొండవాగుల నీరు త్రాగవలసివచ్చుచున్నది. వేళగాని వేళ తిండి. అందును చువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసమే హెచ్చు. ఈ ఘట్టమును హాస్యమునకు ఉదాహరణముగా చెప్పి ముందునకు సాగుట తరగతులలో పరిపాటి. హాస్యమే, కాదనరాదు. కాని మాధవ్యుడు ఎన్నిన మూడును ఆయుర్వేదము ఆహారవిషయమున గర్హించిన దోషములే: జలదోషము, కాలదోషము, ద్రవ్యదోషము. అదే అంకమున సేనాపతి మృగయను ప్రశంసించుచు మేదస్సు కరగుట, శరీరము తేలికపడుట, చలలక్ష్యమును కొట్టు నేర్పు కలుగుట మున్నగునవి చెప్పును. ఇవి కౌటిల్యుడు అర్థశాస్త్రము అష్టమాధికరణమున వ్యసనములను తారతమ్యముతో విచారించుచు మృగయకు చెప్పిన గుణములతో సరిపోలుచున్నవి. సేనాపతి మాటలలో శాస్త్రము కలదని అంగీకరించువారు విదూషకుని మాటలలో మాత్రము లేదనుట పక్షపాతము.

వేటకు పోవువాడు ఏ అన్నమును, ఏ పానీయమును వెంట గొనిపోవలెను అను ప్రశ్నకు సమాధానము ధర్మార్థవైద్యశాస్త్రములయందు చెదరియున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత ఈ ప్రశ్నకు లౌకికప్రయోజనము లేదు. కావ్యార్థనిర్ణయమునకు మాత్రము దీని యక్కర నేటికిని కలదు.

పథిన్ శబ్దముపై ఢఞ్ ప్రత్యయము చేరి పాథేయమైనది. మార్గమునందు ఉపకరించునది అని అర్థము. తెలుగున దారిబత్తెము. బత్తెము భక్తశబ్దభవము గాన అన్నమే ప్రధానమను భావము తెలుగుమాటలో నిలిచియున్నది. కాని దారికి అన్నమే అనువైనదా? ఇచట మొదట అడ్డుపడునది పర్యుషితనిషేధము. రాత్రి గడచిన వంటకము తినరాదని సామాన్యవిధి. మనుస్మృతి పంచమాధ్యాయము దీనికి రెండు మినహాయింపుల నిచ్చినది. స్నేహముతో, అనగా నేతితోనో నూనెతోనో కూడిన భక్ష్యము నిలువయున్నను తినదగును. యవగోధుమలతో చేసినవియు, పాలవికారములును స్నేహము లేకున్నను, చిరకాలము నిలిచినను తినదగును. రాజు వెంట పోవు మూటలో ఏమి యుండవలెనో ఈ రెండు వాక్యములనుండియే తేలును: నేతితో చేసిన మోదకములు, గోధుమపిండివంటలు, యవలపిండి, పెరుగు. వరియన్నము ఈ పట్టికలో లేదు.

ఆ కారణముననే సక్తువునకు దారిలో అంతటి గౌరవము. వేపిన ధాన్యపు పిండి యిది. మోయుటకు తేలిక, వండనక్కర లేదు, పొగ లేవదు గనుక మృగమును బెదరింపదు. తెలుగునాట తొలియేకాదశినాడు తినెడి పేలపిండి దీనికి దగ్గరి చుట్టము. సక్తువును కలిపి త్రాగినచో వెంటనే తృప్తియు బలమును కలుగునని చరకము అన్నపానవిధ్యధ్యాయమున చెప్పినది. ఐనను అదే సంహిత సద్వృత్తప్రకరణమున దానికి గట్టి కట్టుబాట్లు చేసినది. వట్టి సక్తువును తినరాదు, రాత్రి తినరాదు, భుజించిన పిమ్మట తినరాదు, మితిమీరి తినరాదు, దినమునకు రెండుమార్లు తినరాదు, నడుమ నీరు త్రాగుచు తినరాదు, పండ్లతో కొరికి తినరాదు. గుఱ్ఱముపై పరుగిడి ఆకలిగొన్నవాడు ఈ నియమములలో ఎన్నింటిని పాటింపగలడో ఊహింపవచ్చును. ఖర్జూరము, ద్రాక్ష, చింత, దానిమ్మ, ఉసిరిక మున్నగువానితో చేయు మంథము ఈ చిక్కునకు విరుగుడు. మద్యవికారమును హరించునదిగా చరకము దీనిని సంతర్పణీయాధ్యాయమున చెప్పియుండుట గమనార్హము; వేటబిడారములలో ఆ వికారమునకు కొదువ యుండదు గదా.

మద్యవిషయమున శాస్త్రములన్నియు ఒక్కమాటపై నున్నవి. మనువు కామజవ్యసనములలో మద్యపానమును, ద్యూతమును, స్త్రీలను, మృగయను కష్టతమములైన నాలుగుగా ఒకే వరుసలో చేర్చినాడు. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున ఎవరు త్రాగినచో మద్యము రోగమగునో చెప్పుచు కోపించినవానిని, భయపడినవానిని, దప్పికొన్నవానిని, ఆకలిగొన్నవానిని, వ్యాయామముచేతను బరువుచేతను దారినడకచేతను అలసినవానిని పేర్కొన్నాడు. సాయంకాలపు వేటగానికి ఇంతకంటె సరియైన వర్ణన వెదకినను దొరకదు.

ఇక నీరు. అన్నము వెంట పోవును. నీరు చాలినంత వెంట పోదు. కాబట్టి నీటిని మోయుట కాదు, నీరున్న వనమును ఎంచుకొనుటయే మొదటి జాగ్రత్త. రఘువంశము నవమసర్గమున దశరథుడు ప్రవేశించిన అడవికి కాళిదాసు వేసిన విశేషణములలో జలాశయములు కలదని ఒకటి కలదు. కార్చిచ్చు, దొంగలు లేకుండుటతో సమానముగా దీనిని చెప్పుట ఊరక కాదు. కౌటిల్యుడు రాజవిహారమునకై నిర్మింపదగిన మృగవనమున తియ్యనిపండ్లచెట్లు, లోతులేని నీటిమడుగు ఉండవలెనని విధించినాడు. అనగా పాథేయములో సగము అడవిలోనే సిద్ధపరుపబడినదన్నమాట.

దొరికిన నీరు మలినమైనచో? సుశ్రుతుడు సూత్రస్థానము ద్రవద్రవ్యాధ్యాయమున కలుషజలమును తేర్చుటకు ఏడు సాధనములు చెప్పినాడు: కతకఫలము, గోమేదకము, తామరదుంప, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి. వీనిలో వేటగాని సంచిలో ఇముడునవి మొదటిదియు, వస్త్రమును. కతకము తెలుగున చిల్లగింజ. కొందరు ఇండుపగింజ యందురు. కుండలోపలి అంచున దీనిని అరగదీసి నీరు పోసినచో మడ్డి అడుగునకు దిగును. మాళవికాగ్నిమిత్రమున కాళిదాసు దీనిని ఉపమానముగా వాడినాడు. మనువు ఆరవ అధ్యాయమున, ఫలము నీటిని తేర్చును గాని దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేరదని దృష్టాంతము చేసినాడు. ఇన్ని చోట్ల ప్రస్తావింపబడిన వస్తువు ఆనాటి నిత్యవ్యవహారమున ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. ఐనను చిల్లగింజ బురదను దింపునే గాని ఆకులవలన దిగిన కషాయమును, విషమును హరింపదు. మాధవ్యుని ఫిర్యాదు బురదను గురించినది కాదు. అతని నీటికి చిల్లగింజ వలన ప్రయోజనము లేదు. విషజలమునకు కల్పస్థానమున వేరొక విధి కలదు: ధవము, అశ్వకర్ణము, పాటల మున్నగు చెట్లను కాల్చిన బూడిదను మడుగులో చల్లవలెను. చల్లబరచుటకు చెప్పిన ఏడు ఉపాయములలో గాలి తగులునట్లుంచుట, ఇసుకలో నిలుపుట, ఉట్టిలో వ్రేలాడదీయుట అడవిలో సులభసాధ్యములు.

మానసోల్లాసకర్తయైన చాళుక్య సోమేశ్వరుడు (12వ శతాబ్ది) అన్నభోగమును, పానీయభోగమును తృతీయవింశతిలోను, మృగయావినోదమును చతుర్థవింశతిలోను విడివిడిగా నుంచినాడు. భోగము నగరునకు, వినోదము అడవికి చెందినవన్న విభాగము ఇందు స్పష్టము. నగరి పానీయమున పరిమళము ముఖ్యము. అడవిలో స్వచ్ఛత దక్కిన చాలును.

వేటలో లభించిన మాంసము పాథేయమునకు అనుబంధము. దీనియందు శాస్త్రములకు విరోధము కనబడును. కుక్కలు చంపిన మృగముల మాంసము, ఇతర క్రవ్యాదములు చంపినవాని మాంసము శుచియని మనువు. తానై చచ్చినది, కృశించినది, మిక్కిలి క్రొవ్వినది, మిక్కిలి లేతది, ముసలిది, విషముచేతను వ్యాళముచేతను చచ్చినది విడువవలెనని చరకము. ఈ విరోధము పైపైదే. ఒకటి శుద్ధిని, మరియొకటి ఆరోగ్యమును విషయముగా గొన్నవి. శుచియైనదెల్ల పథ్యము కాదు. ఒకదానిని చూపి రెండవదానిని త్రోసిపుచ్చు వ్యాఖ్యానరీతి రెంటికిని అన్యాయము చేయును. వండుటలోను ఎచ్చరిక వలయును. ఆనూపవర్గమునకు చెందిన వరాహమాంసమును తేనెతోగాని, బెల్లముతోగాని, పాలతోగాని కలిపి తినుట విరుద్ధాహారము. అడవిలో తేనెపట్టు చేతికందునది గనుక ఈ నిషేధము వేటగానికే ముఖ్యముగా వర్తించును. జింక మొదలగు జాంగలమృగముల మాంసము లఘువు గాన దానికీ చిక్కు లేదు.

తెలుగువారి చద్ది సంగతి మిగిలినది. వరియన్నము మనువు మినహాయింపులో లేదంటిమి. మరి పోతన దశమస్కంధమున గోపబాలురచే అడవిలో చల్దులారగింపజేసెను గదా? మూలభాగవతమున కృష్ణుని వ్రేళ్లసందున ఫలములున్నవి. పోతన వానిని ఊరగాయలు చేసినాడు. అన్నమునకు మీగడపెరుగు కలిపినాడు. మీగడ స్నేహమే గనుక స్నేహసంయుక్తమను మినహాయింపు దీనికి వర్తించునని వాదింపవచ్చును. కాని పెరుగున కా మినహాయింపు గాని, పెరుగు కలిసిన అన్నమునకు గాదని ప్రతివాది అనగలడు. ఈ తగవు తీరుటకు సులభమార్గము వేరొకటి కలదు. వేకువను వండి మధ్యాహ్నము తిన్నదానికి నడుమ రాత్రి లేదు. అది చల్లారిన అన్నమే గాని పర్యుషితము కాదు. గోపబాలురు ఉదయమున బయలుదేరినవారే. ఒకనాటి వేటకు చద్దిమూట నిర్దోషము; అడవిలో రేయి గడపు వేటకు కాదు. శరత్తు, గ్రీష్మము, వసంతములందు పెరుగు ప్రాయికముగా గర్హితమను చరకవచనము మాత్రము దానికిని తప్పదు.

దుష్యంతుని బిడారము పలుదినములది. ఆయాసము లేని యొక పనిలో తోడుపడవలెనని రాజు కోరినప్పుడు, మోదకములు తినుటయందా అని మాధవ్యుడు అడుగును. నేతితో చేసి, చెడక నిలుచునట్టి ఆ భక్ష్యము మనువు అనుమతించిన దారిబత్తెములలో మొదటిదే.